వేట ఆగే నాటికి పెరడు కాపుకు రావాలంటే...
ఉద్దానం తీర గ్రామాల్లో మాఘం నుంచి ఉగాది దాకా ఇంటి తోట

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మన పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ ఇక్కడ ప్రతి పెరట్లోనూ కనిపించే చెట్లే. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఈ చెట్లను పెద్ద ఎత్తున కూల్చేశాయి. కొబ్బరి మొక్క తిరిగి కాపుకు రావాలంటే ఐదేళ్ల పైనే ఆగాలి. కూరగాయల మడి మాత్రం రెండు నెలల్లో ఇంటికి కూర ఇస్తుంది.

ఇచ్ఛాపురం మండలం డొంకూరు లాంటి మత్స్యకార గ్రామాలకు ఈ రెండు నెలల లెక్క మరీ ముఖ్యం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంటికి రాబడి తగ్గుతుంది, సంతలో కూరగాయల ధర ఎండలతో పాటు పెరుగుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో విత్తనం వేసిన ఇంట్లో సరిగ్గా అప్పటికి బెండ, బీర, ఆనప కోతకు వస్తాయి. కాబట్టి ఈ ఏడు పెరటి తోటను ఏప్రిల్ 15 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి.

ఏది ఎప్పుడు వేయాలి

తోటకూర 25-30 రోజుల్లో, బెండ 45-50 రోజుల్లో, గోరుచిక్కుడు, బీర, కాకర 50-60 రోజుల్లో, ఆనప 60-65 రోజుల్లో మొదటి కోతకు వస్తాయి. తీగజాతి, గోరుచిక్కుడు, బెండ ఫిబ్రవరి 10-20 మధ్య వేసుకోవాలి. బెండ రెండో విడతను మార్చి రెండో వారంలో వేస్తే మే నెలాఖరు వరకు కాయ దొరుకుతుంది. తోటకూరను ఒకేసారి చల్లకుండా 15 రోజులకొక చిన్న మడి చొప్పున చల్లుకోవాలి.

బెండలో అర్క అనామిక, గోరుచిక్కుడులో పూసా నవబహార్, ఆనపలో అర్క బహార్, కాకరలో అర్క హరిత్ వంటి సూటి రకాలు పెరటికి సరిపోతాయి. వీటి విత్తనాన్ని వచ్చే ఏడాదికి ఇంట్లోనే దాచుకోవచ్చు. సంకర రకాల విత్తనం దాచినా అదే కాయ రాదు. కాకర గింజలను ఒక రోజు, బెండ గింజలను ఒక రాత్రి నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తాయి.

తోటకూర గింజలను చీమలు ఎత్తుకుపోయాయని చాలామంది ఆడపడుచులు చెబుతుంటారు. గింజలను పది రెట్లు సన్న ఇసుకతో కలిపి చల్లి, పైన పల్చగా మాగిన ఎరువు కప్పి, వరిగడ్డి పరచాలి. మొలక కనిపించగానే గడ్డి తీసేయాలి. ఈ ఇసుక సముద్రపు ఒడ్డున తెచ్చినది కాకూడదు. ఉప్పు ఇసుకలో మొలక రాదు.

ఇసుక నేలకు పట్టు తేవడం

తీరపు ఇసుక నేలలో నీరు, ఎరువు రెండూ నిలవవు. తీగ పాదుకు అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయండి. అడుగున కొబ్బరి డొక్కలను లోపలి గుంట భాగం పైకి ఉండేలా పేర్చండి. అవి నీటిని పట్టి ఉంచుతాయి. దానిపై ఐదు కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి పైమట్టితో కలిపి నింపండి. పాదుకు నాలుగైదు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచండి. రాలిన జీడి ఆకులు, ఎండు గడ్డి మొదళ్ల చుట్టూ కప్పితే తేమ నిలుస్తుంది.

చేపల వ్యర్థాలు మంచి ఎరువే. పచ్చి చేపల వ్యర్థాలు, బెల్లం సమానంగా కలిపి మూత ఉన్న డబ్బాలో మూడు వారాలు మురగబెట్టి, లీటరు నీటికి 5 మి.లీ. మించకుండా కలిపి పోసుకోవచ్చు. అయితే ఎండుచేపలకు ఉప్పు పట్టించిన తొట్టి నీరు, ఉప్పుచేప కడిగిన నీరు మొక్కలకు అస్సలు పోయరాదు. ఒక్క బకెట్ ఉప్పునీరు పాదును పాడు చేస్తుంది. చేపకు ఉప్పు పట్టించే చోటు, మడి దూరంగా ఉండాలి.

నీరు ఉప్పా, మంచిదా

ఏప్రిల్ వచ్చేసరికి ఒడ్డు దగ్గరి బావుల్లో నీరు ఉప్పదేరడం అందరూ చూస్తున్నదే. నాలుకతో చూసి నిర్ణయించవద్దు, పరీక్ష చేయించండి. నీటి లవణ సూచిక (ఇ.సి.) 0.7 డెసీసైమన్ల లోపు ఉంటే ఏ కూరైనా పండుతుంది. 0.7 నుంచి 3 మధ్య ఉంటే పంటను ఎంచుకుని వేయాలి. 3 దాటితే ఆ నీటితో కూరగాయలు కష్టం. గోరుచిక్కుడు, బరబాటి ఉప్పును కొంత తట్టుకుంటాయి. చిక్కుళ్లలో ఫ్రెంచ్ చిక్కుడు, దుంపల్లో క్యారెట్, అలాగే ఉల్లి అసలు తట్టుకోవు.

ఇసుకలో వారానికోసారి బిందెలకొద్దీ పోయడం కంటే రోజూ కొద్దికొద్దిగా ఉదయమో సాయంత్రమో పోయడం మేలు. రెండు పాదుల మధ్య ఒక మట్టికుండను మెడ వరకు పాతి, అడుగున సన్న రంధ్రం చేసి నూలు వత్తి దూర్చి, నీరు నింపి మూత పెట్టండి. వేరుకు కావలసినంతే నీరు దిగుతుంది. బియ్యం, కూరలు కడిగిన నీరు మడికి పోయవచ్చు. బట్టల సబ్బు నీరు పోయరాదు.

ఉప్పుగాలి దెబ్బ

మార్చి నుంచి సముద్రపు గాలి జోరందుకుంటుంది. ఆకుల అంచులు మాడిపోతే తెగులని మందు కొట్టేవారున్నారు. మాడిక సముద్రం వైపు ఆకుల్లోనే ఎక్కువగా కనిపిస్తే అది ఉప్పుగాలి పని. మందుతో పోయేది కాదు. ఆ వైపున కొబ్బరి మట్టలతోనో తాటాకుతోనో దడి కట్టండి. గాలిని పూర్తిగా ఆపే గోడ కంటే కొంచెం గాలి దూరే దడే మంచిది. గోడను దాటిన గాలి అవతల సుడి తిరిగి మొక్కలను కొడుతుంది. గాలి ఎక్కువగా వీచిన మర్నాడు ఉదయం మంచినీటితో ఆకులు తడిపితే ఉప్పు కడిగిపోతుంది.

పూత ఉంది, కాయ లేదు

ఈ రోజుల్లో మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. తీగజాతిలో మగపూలు ముందుగా వస్తాయి. ఆడపూలు పది పదిహేను రోజుల తరువాత మొదలవుతాయి. మొదట్లో పూలన్నీ రాలిపోవడం సహజం, దిగులు వద్దు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. ఆడపూలు వచ్చాక కూడా పిందెలు పసుపుబారి రాలితే తేనెటీగలు చాలడం లేదని అర్థం. అప్పుడు మగపువ్వు కోసి రేకలు తీసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా తాకించాలి.

వేళ తెలియడం ముఖ్యం. గుమ్మడి, కాకర, దోస పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి, కాబట్టి ఉదయం చేయాలి. బీర, ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి దీపాల వేళ చేయాలి. ఆనప పాదుకు ఉదయం పది గంటలకు ఈ పని చేసి ఫలితం లేదనుకోవడం వేళ తప్పినందువల్లే. ఈ పని పిల్లలకు అప్పగించండి. తాము తాకించిన పిందె నిలబడి రోజురోజుకూ లావెక్కడం చూసిన పిల్లలు ఆ కూరను మారాం చేయకుండా తింటారు.

పనస విషయంలోనూ ఇలాంటి భయమే ఉంది. నల్లబడి రాలేవన్నీ పిందెలు కావు. సన్నని కాడతో, పసుపు పుప్పొడి రాలుస్తూ ఉండేవి మగ పూగుత్తులు. పని అయిపోగానే అవి బూజు పట్టి రాలడం సహజం. మొదట్లో ఉంగరంలాంటి కట్టు, లావు కాడ ఉన్నది ఆడపిందె. అది కుళ్లితేనే తెగులు. రాలినవాటిని ఏరి పూడ్చేయాలి, కొమ్మల మధ్య గాలి వెలుతురు తగిలేలా చూడాలి.

పురుగు వస్తే ముందు చేయి, తరువాత వేప

- తీగమొక్కలు రెండు మూడు ఆకుల దశలో ఉన్నప్పుడు ఎర్ర పెంకు పురుగులు ఆకులను జల్లెడ చేస్తాయి. తెల్లవారుజామున అవి మందకొడిగా ఉంటాయి. చేత్తో ఏరి సబ్బు నీటిలో వేయండి. మంచు తడి మీద కట్టెల బూడిద పల్చగా చల్లండి.
- తీగకాయలకు పండు ఈగ కుట్టి పురుగు పడితే, ఆ కాయలను పెంటలో వేయకుండా రెండడుగుల లోతున పూడ్చాలి. క్యూలూర్ ఎర బుట్ట ఒకటి వేలాడదీయాలి. లేత పిందెలకు కాగితపు సంచి తొడిగితే ఇంకా మంచిది.
- బెండ ఆకుల ఈనెలు పసుపుబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. ఆ మొక్కకు మందు లేదు. కనిపించిన రోజే పీకి పూడ్చేస్తే మిగతావి దక్కుతాయి.
- మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లికి గంధకం మందు చల్లేవారు పక్కన తీగమొక్కలు లేకుండా చూసుకోవాలి. గంధకం తగిలితే తీగజాతి ఆకులు మాడిపోతాయి.
- కొబ్బరి కింద మొక్కల ఆకులపై నల్లని మసి కనిపిస్తే పైకి చూడండి. 2016లో మన దేశంలో తొలిసారి తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి ఆకుల అడుగున ఉండి జిగురు కారుస్తుంది. మసి ఆ జిగురు మీద పెరిగే బూజు. రసాయన మందులు కొడితే దోమను తినే మిత్ర పురుగులు చస్తాయి. నీటిని బలంగా చిమ్మడం, పసుపు జిగురు అట్టలు కట్టడం చేయాలి.

పచ్చదోమ, పేనుబంకకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారి చేస్తే చాలు. లేదా 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టి వాడాలి.

జీడిమామిడి పూతకు తెచ్చి మిగిలిన మందును పెరటి వంగకో బెండకో కొట్టడం చాలా ప్రమాదం. ఆ కాయ మర్నాడే కూరవుతుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడటం మన దేశంలో 2005 నుంచే నిషేధం. ఖాళీ మందు డబ్బాలను నీళ్లకు, బియ్యానికి వాడవద్దు. చిల్లులు పొడిచి పూడ్చేయండి.

కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో

ఉద్దానంలో ఈ మాట చెప్పకుండా పెరటి తోట గురించి రాయడం సరికాదు. ఇక్కడి కిడ్నీ వ్యాధికి ఇదొక్కటే కారణమని ఇప్పటివరకు తేలలేదు. ఫలానా ఆకు తింటే జబ్బు నయమవుతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఆరోగ్యవంతులకు మేలు చేసే తోటకూర, మునగాకు, టమాటా, అరటి, కొబ్బరి నీరు పొటాషియం ఎక్కువున్నవి. కిడ్నీ బలహీనపడినవారికి ఇవే హాని చేయవచ్చు. స్టార్‌ఫ్రూట్ వారికి అసలు పనికిరాదు. ఏ కూర ఎంత తినాలో డాక్టరునే అడగండి. పొటాషియం తగ్గించమన్నవారికి కూరను ముక్కలు కోసి ఎక్కువ నీటిలో నానబెట్టి, వేరే నీటిలో ఉడికించి, ఆ నీరు వంపేసి వండాలి. అలాంటి ఇంట్లో పెరటి మడిలో ఆకుకూర తగ్గించి ఆనప, బీర పాదులు పెంచుకోవడం మంచిది. ఎండలో పని అందరికీ ముప్పే. ఉదయం తొమ్మిది లోపు మడి పని ముగించండి. మంచినీరు తాగుతూ పని చేయండి. నీరు ఇంతే తాగాలని డాక్టరు చెప్పినవారు ఆ కొలతే పాటించాలి.

మరో జాగ్రత్త అందరికీ. ఆనపకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకపై పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. వండినా ఆ చేదు విషం పోదు.

ఎంత వస్తుంది, ఏం మిగులుతుంది

మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి అది 1.6 కిలోలు. సెంటు పెరడు ఇదంతా తీర్చదు. కానీ నాలుగు తీగ పాదులు, 20 బెండ మొక్కలు, రెండు ఆకుకూర మళ్లు, ఒక మునగ చెట్టు ఉంటే వారంలో ఎక్కువ రోజులు సంతకు వెళ్లే పని తప్పుతుంది. పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో వంకాయలో ఎండుచేపలు, ఆనపకాయలో ఎండు రొయ్యలు పడితే ఆ పూట గడిచినట్టే. కాయ ఒక్కసారిగా ఎక్కువ వచ్చినప్పుడు పక్కింటికి పంపండి. వారి పాదు కాసినప్పుడు మీకూ వస్తుంది. అందుకే ఇరుగు పొరుగు మాట్లాడుకుని ఒకరు బీర, ఒకరు కాకర వేసుకోవడం తెలివైన పని. విత్తనాన్నీ అలాగే పంచుకోండి.

మట్టి, నీటి పరీక్షకు, విత్తనాలకు మీ గ్రామ వ్యవసాయ లేదా ఉద్యాన సహాయకులను, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. తెగులు సోకిన ఆకును చూపించి అడిగితే సలహా కచ్చితంగా ఉంటుంది. ఫోనులో సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551. ఈ వారం చేయవలసిన మొదటి పని: పాదుల గుంతలు తీసి, డొక్కలు పేర్చి, ఎరువు కలిపి ఉంచండి. వారం పది రోజులు ఆరిన పాదులో గింజ వేయండి.