క్రీడారంగమున ఫ్రెంచి పాఠము

పారిస్ నగరమున ఏటేట మే నెలాఖరున రోలాఁ గారోస్ క్రీడాస్థలిలో టెన్నిస్ పోటీలు జరుగును. అచ్చట అంపైరు కుర్చీనుండి మరల మరల వినవచ్చు మాటలు పట్టుమని పది యుండవు. ‘కేఁజ్’ అనగా 15, ‘త్రాఁత్’ అనగా 30, ‘కారాఁత్’ అనగా 40. ‘ఎగాలితె’ సమానము, ‘అవాఁతాఝ్’ ఆధిక్యము. ఒక పూట ఆ పోటీని శ్రద్ధగా వినిన బాలునకు మూడు సంఖ్యలు, రెండు నామవాచకములు వాటంతట అవియే కంఠస్థమగును. ఎవరును బెత్తము చూపనక్కఱలేదు. అన్నట్లు, ఆ స్థలమునకు పేరిచ్చిన రోలాఁ గారోస్ టెన్నిస్ వీరుడు కాడు. 1913లో మధ్యధరా సముద్రమును ఆగకుండ విమానమున దాటి, 1918లో యుద్ధమున నేలకూలిన వైమానికుడు.

పై మాటలలో అరసున్న వ్రాయుట ఛాందసము కాదు. ముక్కుతో పలికెడి ఫ్రెంచి అచ్చులను చూపుటకు, మనము వాడుకలో విడిచిన ఆ గుర్తుకంటె తగినది తెలుగు లిపిలో మఱియొకటి లేదు. అట్లే ఇచ్చట ‘ఝ’ అని వ్రాసినది మన ఝకారము కాదు. శకారమును నాదముతో పలికినచో వచ్చు ధ్వని.

ఫ్రెంచి బోధనలో తఱచుగా కానవచ్చు పద్ధతి వేఱు. మొదటివారముననే క్రియారూపముల పట్టిక నిచ్చి ఒప్పజెప్పింతురు. విద్యార్థి ఒప్పజెప్పును, పరీక్షలో వ్రాయును. మార్కులు వచ్చును, మాట రాదు. ఆటల మూలమున భాష నేర్పవలెనను వారి వాదమునకు బలము ఇచ్చటనే యున్నది.

‘ఝుఎ’ అను క్రియను చూడుడు. దీని కర్థము ఆడుట. ‘ఝె ఝూ’ నేను ఆడుచున్నాను. ‘త్యు ఝూ’ నీవు ఆడుచున్నావు. ‘ఇల్ ఝూ’ అతడు ఆడుచున్నాడు. వారు ఆడుచున్నారనుటకును ‘ఇల్ ఝూ’యే. వ్రాతలో తుదియక్షరములు మాఱును గాని వినికిడిలో అన్నియు నొక్కటియే. తెలుగున ‘ఆడుచున్నాను’ అనినంతనే కర్త ఎవరో తెలియును, ‘నేను’ అననక్కఱలేదు. ఈ అలవాటు చొప్పున మన విద్యార్థి ఫ్రెంచిలోను సర్వనామమును విడుచును. ‘నేను టెన్నిస్ ఆడుచున్నాను’ అనదలచి ‘ఝూ ఒ తెనీస్’ అనును. దానికి ‘టెన్నిస్ ఆడుము’ అని అర్థము! తన సంగతి చెప్పబోయి ఎదుటివానికి ఆజ్ఞ ఇచ్చినవాడగును. ఈ తప్పు పట్టికలో పట్టుబడదు. మైదానములో తోటివాడు బంతి చేతికిచ్చినపుడు పట్టుబడును. ఇక ‘త్యు’, ‘వూ’ల భేదము మనకు నేర్పనే అక్కఱలేదు. తోటి ఆటగానికి ‘త్యు’, ఆట నేర్పు గురువునకు ‘వూ’. నీవు, మీరు ఎఱిగినవారికి ఇదేమంత కొత్త?

ఆటకు ఏ క్రియ చెల్లునన్నది తరువాతి మెట్టు. బంతియాటలకు ‘ఝుఎ’ క్రియ, దానివెంట ‘ఆ’ అను విభక్తిపదము. పుంలింగపు ‘లె’తో కలిసినపుడు ఈ ‘ఆ’ కాస్త ‘ఒ’ యగును. ‘ఝె ఝూ ఒ ఫుట్‌బోల్’. ఈత, కత్తిసాము, జూడో వంటివానికి మాత్రము చేయుట అను అర్థముగల ‘ఫేర్’ క్రియ, దానివెంట ‘ద’ రావలెను. ‘ఝె ఫె ద లా నాతాస్యోఁ’ అనగా ఈత నభ్యసించుచున్నాను. సైకిలు పుంలింగము గనుక ‘ద’, ‘లె’ కలిసి ‘ద్యు’ అగును. ‘ఝె ఫె ద్యు వెలో’. తొక్కనని చెప్పునపుడు ‘ద్యు’ నిలువదు. ‘ఝె నె ఫె పా ద వెలో’. కత్తిసాము స్త్రీలింగమే అయినను ‘లా ఎస్క్రీమ్’ అనరాదు, ‘లెస్క్రీమ్’ అనవలెను. ‘రాముడు ఎక్కడ’ అనునది ‘రాముడెక్కడ’ అయినట్లే, పరపదము అచ్చుతో మొదలుకాగా పూర్వపదపు తుది అచ్చు లోపించినది. తెలుగు సంధులను మార్కులకొఱకు చదివి మఱచినవానికి ఇది కొత్త సూత్రముగా తోచును. మఱవనివానికి పాత చుట్టము.

క్రియాభేదమును చూచియు జంకనక్కఱలేదు. మనము బంతి ఆడుదుము గాని కుస్తీ ఆడము, పట్టుదుము. ఈత కొట్టుదుము, కఱ్ఱ త్రిప్పుదుము. ఉపాధ్యాయుడు ముందుగా ఈ తెలుగు ప్రయోగములను పిల్లలచేత చెప్పించి, పిమ్మట ఫ్రెంచికి వచ్చినచో సగము శ్రమ తగ్గును.

నిజముగా కష్టమైనది లింగము. మన వ్యాకరణమున జడపదార్థములన్నియు అమహత్తులు, చిక్కు లేదు. ఫ్రెంచిలో ప్రతి వస్తువును పుంలింగమో స్త్రీలింగమో కావలెను. ఫుట్‌బాల్ బంతి ‘లె బాలోఁ’, పుంలింగము. టెన్నిస్ బంతి ‘లా బాల్’, స్త్రీలింగము. పదునొకండుగురు పురుషులున్నను జట్టు, అనగా ‘ఎకిప్’, స్త్రీలింగమే. హేతువు వెదకి లాభములేదు. లింగము తప్పినచో అర్థమే తప్పుటయు కలదు. ‘లె తూర్’ అనగా చుట్టివచ్చుట. 1903లో మొదలైన తూర్ ద ఫ్రాఁస్ సైకిలు పందెమునకు ఆ పేరట్లు వచ్చినది. ‘లా తూర్’ అనినచో బురుజు. ఐఫెల్ గోపురము తలపునకు వచ్చును. ఆ పందెమున ముందున్నవాడు 1919 నుండి ధరించు పసుపు చొక్కా ‘మాయో ఝోన్’. మాటకు మాటగా ‘చొక్కా పసుపు’. రంగు తెలుపు విశేషణము విశేష్యము వెనుక నడచునని ఈ ఒక్క మాట నేర్పును. ఆ చొక్కా తొడిగినవానినే ‘మాయో ఝోన్’ అని పిలుచుట మన ఆలంకారికులు చెప్పిన లక్షణ.

ఈ భాష తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. గోదావరి తీరపు యానాము 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండెను. ఒలింపిక్ క్రీడలకు పునర్జన్మ నిచ్చిన పియేర్ ద కుబెర్తాఁ ఫ్రెంచివాడు. ఆ క్రీడాసంఘమునకు నేటికిని ఇంగ్లీషుతోపాటు ఫ్రెంచియు అధికార భాషయే.

అయితే ఆటల పాఠమునకు ఒక హద్దు కలదు. ‘మాచ్’, ‘ఫుట్‌బోల్’ వంటి ఇంగ్లీషు పదములు ఫ్రెంచిలో కొల్లలు. వానితోనే సరిపెట్టుకొన్న బాలుడు, గోల్‌కీపరును ‘గార్ద్యాఁ ద బ్యు’, అనగా గమ్యమునకు కావలివాడు, అందురని ఎన్నటికి నేర్చుకొనును? పైగా ఇంతవఱకు చెప్పినదంతయు వర్తమానకాలమే. నిన్న ఆడి ఓడినవాడు బడికి వచ్చి ‘నూ జావోఁ పెర్ద్యు’, ఓడిపోయితిమి, అని చెప్పదలచినచో భూతకాలము కావలసివచ్చును. ఆ పాఠమును అతడే అడిగి చెప్పించుకొనును.