ఇంటిలో మోటారుసైకిలు సైలెన్సరు మార్చుట

మోటారుసైకిలు నేడు మన యిండ్లలో నొక కుటుంబసభ్యుని స్థానము నాక్రమించినది. పిల్లలను బడికి దింపుటకు, సంతకు, దేవాలయమునకు, అర్ధరాత్రమున నాసుపత్రికి, అన్నిటికిని అదియే వాహనము. స్త్రీలు స్వయముగా దానిని నడుపుకొను గృహములును అనేకములు. అయినను దాని ప్రక్కన వ్రేలాడు లోహపు గొట్టమేమి చేయుచున్నదో తెలిసికొనుట పురుషుల పని యని మనము వదలివేయుచున్నాము. ఇంతలో నొకనాడు చదువుకొనుచున్న కుమారుడో, పెండ్లికాని మఱదియో పొడవైన అట్టపెట్టె నొకదానిని తెచ్చి వాకిట దించును. అందొక క్రొత్త సైలెన్సరు తళతళలాడుచుండును. "వదినా, ఆ పానాల పెట్టె యిటు అందిస్తావా?" అని పిలుపు వచ్చును. అందిచ్చుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

ఇంజను సిలిండరులో పెట్రోలు మండినప్పుడు పుట్టిన వాయువులు మిక్కిలి ఒత్తిడితో నుండును. ఎగ్జాస్టు వాల్వు తెఱచుకొనగనే అవి యొక్కుమ్మడిగా బయటికి దుముకును. ఒకే సిలిండరు గల బండి నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 25 పర్యాయము లిట్టి ప్రేలుడు జరుగును. ఆ మ్రోతను అణచుటకై అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు 1897వ సంవత్సరమున నొక శబ్దహారిణికి పేటెంటు పొందిరి. నేటి సైలెన్సరు లోపల అడ్డుగోడలును, రంధ్రములు గల గొట్టములును ఉండును. శబ్దతరంగములు వానికి తగిలి వెనుకకు మఱలి, ఒకదాని నొకటి తగ్గించుకొని, నీరసించి బయటికి వచ్చును. బజారులో విడిగా అమ్ము సైలెన్సరులలో చాలవాని నిర్మాణము వేఱు. తిన్నని జల్లెడ గొట్టమునకు చుట్టును గాజుదూది కూరి మూతవేయుదురు. ఆ దూది శబ్దమును పీల్చుకొనును. కాని యది కాలక్రమమున కాలియు, ఎగిరిపోయియు తగ్గిపోవును. అందుచే క్రొత్తలో మర్యాదగా నున్న గొట్టము కొంతకాలమునకు గొంతు పెంచును.

గొట్టమును మార్చుటకు న్యాయమైన కారణ మొకటి కలదు. అది తుప్పు. సముద్రతీరపు జిల్లాలలో ఉప్పుగాలి సంగతి చెప్పనక్కఱ లేదు. కాని తుప్పు బయటినుండియే గాక లోపలినుండియు పుట్టును. లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు లీటరు నీరు ఆవిరియై వెడలును. బండి దూరము పోయినచో గొట్టము వేడెక్కి యా ఆవిరి బయటికి పోవును. వీధి చివరి అంగడికి పోయి వెంటనే తిరిగివచ్చు బండిలో ఆ నీరు సైలెన్సరు అడుగుననే నిలిచి యినుమును తినివేయును. అడుగుభాగమున చిన్న రంధ్ర మున్నచో నది నీరు కాఱుటకై పెట్టినది. చిల్లిపడినదని భ్రమించి దానిని పూడ్పింపరాదు.

రెండవ కారణము శబ్దముపై మోజు. మూడవది, గొట్టము మార్చినచో బండికి బలము పెరుగునను నమ్మకము. ఒకే సిలిండరు గల మన రోడ్ల బండ్లలో గొట్టము మాత్రము మార్చుటవలన కలుగు లాభము మిక్కిలి స్వల్పము. కార్బురేటరు గల పాత బండిలో వాయువు మఱింత సులభముగా బయటికి పోవునపుడు పెట్రోలు పాలు చాలక, ఇంజను వేడెక్కి, బెండుపైపు నీలివర్ణము దాల్చుటయు కలదు. దానికి తగినట్లు జెట్టును సరిచేయింపవలయును. మ్రోత పెరిగిన బండి వేగము పెరిగిన దనుకొనుట, గట్టిగా వాదించువాడే విషయము తెలిసినవా డనుకొనుట వంటిది.

ఈ మ్రోత యెవరికి తగులునో ఆలోచింపుడు. ఉయ్యాలలోని పసిపాపకు, ప్రక్కయింటి వృద్ధురాలికి, పరీక్షకు చదువుకొను బాలికకు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులే హద్దు. మోటారుసైకిలు తయారయి వచ్చునపుడు 80 ఘన సెంటీమీటర్లకు లోబడినదైనచో 75, అంతకు మించి 175 వఱకు 77, ఆపైన 80 డెసిబెల్లులకు మించరాదని వేఱొక నిబంధన కలదు. డెసిబెల్లుల లెక్క మన బియ్యపు లెక్క వంటిది కాదు. పది పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లగును.

దండనయు తక్కువ కాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించిన పిమ్మట, శబ్దమునకును పొగకును ఏర్పఱచిన కట్టుబాట్లను మీఱిన బండిని బహిరంగస్థలమున నడపినను, నడపించినను, నడుపనిచ్చినను మొదటి తప్పుకే మూడు నెలలవఱకు కారాగారమో, పదివేల రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. డ్రైవింగు లైసెన్సు మూడు నెలలు పోవును. "నడుపనిచ్చినను" అను మాటను గమనింపుడు. అనేక గృహములలో బండి తల్లి పేరనో తండ్రి పేరనో ఉండును. కుమారుని సరదాకు సమాధానము చెప్పవలసిన వారు వారు కూడ. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి, మార్పు ఒక్కింటికి అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరునెలల వఱకు కారాగారము గాని వేఱుగా విధింపదగును. హైదరాబాదు, విశాఖపట్టణములలో పోలీసులు పట్టుకొన్న సైలెన్సరులను రోడ్డురోలరు క్రింద నలిపించిరి.

2020 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలులోనున్న బి.ఎస్.6 నియమముల ప్రకారము తయారైన బండ్లకు మఱియొక చిక్కు కలదు. వాని పొగమార్గములో తేనెపట్టు వంటి యొక భాగముండును. దాని గదులకు ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువగల లోహముల పూత పూయుదురు. విషవాయువు లా పూత మీదుగా పోవునపుడు చాలభాగము హానిలేనివిగా మాఱును. ఇదియే కాటలిటిక్ కన్వర్టరు. అది తీసివేయవలసివచ్చు గొట్టమెంత అందమైనదైనను కొనదగదు. కన్వర్టరును కదల్పక, దాని తరువాతి భాగమును మాత్రము మార్చునదియు, ఆ బండి నమూనాకే తయారుచేసినదియు, శబ్దప్రమాణమునకు లోబడిన ధ్రువపత్రము గలదియు అయినచో ఆలోచింపవచ్చును. కొన్నిటిలో కొనయందు మర తీసినంతనే ఊడివచ్చు చిన్న శబ్దనిరోధక ముండును. మొదటి దినముననే దానిని ఊడబెఱికి అటకమీద పాఱవేయువారు పెక్కుమంది. అది యున్నచో తప్ప ఆ ధ్రువపత్రమునకు విలువ లేదు.

ఇక పని సంగతి. ఇది యింటిలో చేసికొనదగినదే, ఇద్దఱు కావలయును. బండి బాగుగా చల్లాఱవలయును. ఉదయమున బయలుదేఱకముందే మొదలిడుట మేలు. సమమైన నేలపై సెంటరుస్టాండు వేసి నిలుపుడు. ముందటి రాత్రియే సిలిండరు హెడ్డువద్ద బెండుపైపును పట్టియుంచు నట్లకు తుప్పు వదల్చు నూనె చల్లియుంచవలయును. ఈ యొక్క జాగ్రత్త సగము పని. ఏలయన ఆ నట్లు ఏండ్ల తరబడి వేడికి కాలి బిగుసుకొని యుండును. మొండిబలముతో త్రిప్పినచో స్టడ్డు విఱిగి హెడ్డులోనే నిలిచిపోవును. అప్పుడు లేతుపనివాని వద్దకు పరుగు తప్పదు. కొంచెము విప్పి, కొంచెము బిగించి, మఱల నూనె వేసి యోపికతో త్రిప్పవలయును. ఎంతకును రానిచో మెకానిక్కునకు వదలుట సిగ్గు కాదు.

ఆక్సిజను సెన్సారున్న బండియైనచో ముందు దాని తీగె జోడును విడదీయుడు. తరువాత వెనుక సీటు పాదపీఠము చెంతనున్న బోల్టును వదులు చేయవలయునే గాని తీయరాదు. ముందటి నట్లు ఊడిన పిదప ఒకరు గొట్టమును చేతులతో పట్టుకొని యుండగా రెండవవారు వెనుక బోల్టును తీయవలయును. ఒంటిచేతితో చేయబోయినచో అది జాఱి పాదముపై పడును. తీసిన నట్టు, వాషరు, బోల్టు ఏ వరుసను తీసితిమో ఆ వరుసనే పళ్లెములో పేర్చుకొనుట మన స్త్రీలకు క్రొత్తగా నేర్పనక్కఱ లేదు. పాత సైలెన్సరు నుండి గాజుదూది రాలుచున్నచో చేతులకు తొడుగులు వేసికొనవలయును. అది చర్మమున గ్రుచ్చుకొని విపరీతమైన దురద పుట్టించును.

హెడ్డు రంధ్రములో లోహపు టుంగరము వంటి గాస్కెట్టు ఉండును. అది నలిగి, మసిబాఱి, రంధ్రపు గోడలలో కలిసిపోయి కానరాదు. దానిని గమనింపక పైన క్రొత్తది పెట్టినచో సందు నిలుచును. చెక్కపుల్లతో మెల్లగా పెకలించి తీసి, పెళ్ళలు లోపల పడకుండ తుడిచి, క్రొత్త గాస్కెట్టును పెట్టవలయును. పాతదానినే మఱల వాడుట పొదుపు కాదు.

క్రొత్త గొట్టమును ఎక్కించునపుడు ఒక్కటే సూత్రము. ముందు అన్ని నట్లను, బోల్టులను వ్రేళ్ళతో మాత్రమే త్రిప్పి నిలుపవలయును. అన్నియు తమతమ స్థానములలో కూర్చున్న తరువాత హెడ్డువద్ద నట్లను ఒకదాని వెంట నొకటి కొంచెము కొంచెముగా బిగించి, పిమ్మట నడిమి క్లాంపును, కట్టకడపట వెనుక బోల్టును బిగింపుడు. ఎంత బిగువో బండితో వచ్చిన పుస్తకమున నుండును. వెనుకది ముందు బిగించినచో గొట్టము వంకర బలమునకు లోనై కొన్నాళ్ళకు అతుకువద్ద పగులును. రంధ్రములు ఎదురెదురుగా రాకున్నచో బోల్టుతో లాగి కలుపరాదు. మధ్య వాషరులు వేసి సరిపుచ్చవలయును. తరువాత నొకరు వెనుక సీటుపై కూర్చుండి బండిని అణచి చూడుడు. గొట్టము చక్రమునకు గాని, బ్రేకుపెడలునకు గాని తగులరాదు.

పనిలో పనిగా అందముకొఱకు చీరరక్షక కడ్డీలను కూడ ఊడదీయు యువకులు కలరు. దీనికి మాత్రము మన మంగీకరింపరాదు. వెనుక కూర్చున్నవారి వస్త్రములు చక్రములో చిక్కుకొనకుండ చక్రమున సగమునకు తక్కువకాకుండ కప్పు రక్షణ యుండవలయునని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది విధించుచున్నది. చీరకొంగు, చున్నీ చక్రమున చుట్టుకొని జరిగిన ప్రమాదములను వినని యూరు లేదు.

క్రొత్త గొట్టముపై వ్రేళ్ళ ముద్రలున్నచో అవి కాలి శాశ్వతముగా మచ్చలగును. కావున స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచి, బండిని ఆరుబయట నిలిపి నడిపింపుడు. మూసిన గదిలో గాని, అపార్టుమెంటు క్రింది నేలమాళిగలో గాని ఇంజను నడుపుట ప్రాణాపాయము. కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు స్థానమును అదియే ఆక్రమించును. మొదట కొంత పొగ వచ్చును. అది తయారీనాటి నూనె కాలుటయే. గొట్టము వేడెక్కక మునుపే అతుకులపై కుంకుడు నురుగు గాని, సబ్బునీరు గాని రాచినచో సందున్న చోట బుడగలు లేచును. నడుపునపుడు యాక్సిలరేటరు వదలగనే పటపట మని ప్రేలుచున్నచో, అచ్చట గాలి చొచ్చుచున్నదని అనుమానింపవలయును.

సైలెన్సరు సాధారణముగా కుడివైపున నుండును. ఇరువైపుల కాళ్ళు వేసి కూర్చుండు బాలికలకు కుడి పిక్కయు, చుట్టును ఆడుకొను పసివారికి చేతులును కాలుట తఱచు. కావున వేడి తగ్గించు రేకుకవచము లేని గొట్టమును కొనకుడు. బండిని ఆ ప్రక్క గోడవైపుండునట్లు నిలుపుడు. కాలినచో వెంటనే చల్లని కొళాయినీటి ధారక్రింద ఇరువది నిమిషములు పట్టవలయును. పసుపు, సిరా, పండ్లపొడి, మంచుగడ్డ ఏదియు పెట్టరాదు. బొబ్బను చిదుపరాదు. పసిబిడ్డకైనను, కాలిన మేర అఱచేతి యంతయైనను వైద్యునికి చూపవలయును.

మొదటి ప్రయాణము ముగిసి బండి చల్లాఱిన తరువాత నట్లన్నిటిని మఱల నొకసారి పానాతో సరిచూడుడు, వారమునకు మఱియొకసారి. పాత సైలెన్సరు పూర్తిగా చిల్లులుపడనిచో పాతసామానువానికి వేయకుడు. దానిని తలక్రిందుగా నిలిపి లోని నీరు కాఱనిచ్చి, ఎండబెట్టి, నూనెగుడ్డతో తుడిచి, బోల్టులను చిన్న సంచిలో దానికే కట్టి, పాత చీరలో చుట్టి అటకపై నుంచుడు. బండి నమ్మునాడు కొనువాడు మొదట అడుగునది అదియే.