“ఇక చాలు” అని చెప్పే అణువు

ఊళ్లో ఒక గడ్డివాముకు నిప్పంటుకుందనుకోండి. ఎవరో కేక వేస్తారు. జనమంతా బిందెలతో పరుగెత్తుకు వస్తారు. మంట ప్రాకకుండా ప్రక్కనున్న పాకల కప్పులు పీకి పారవేస్తారు. ఇదంతా అవసరమే. కాని నిప్పు ఆరిపోయాక కూడా “ఇక చాలు” అనేవారు లేకపోతే? కప్పులు పీకుతూనే ఉంటే? నిప్పు చేసిన నష్టంకంటే ఆర్పవచ్చినవారు చేసిన నష్టమే ఎక్కువవుతుంది.

మన శరీరంలోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. మోకాలు గీరుకుపోతే ఆ చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కి, నొప్పి పెట్టడం మీరెరుగుదురు. దీనిని శోథ అంటారు. రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరి సూక్ష్మజీవులతో పోరాడుతున్నాయన్నమాట. నాలుగు రోజుల్లో వాపు తగ్గిపోతుంది. కాని కొందరికి ప్రేగులలో మొదలైన శోథ నెలల తరబడి, ఏళ్ల తరబడి తగ్గదు. పెద్ద ప్రేగు లోపలి పొరలో పుండ్లు పడితే అది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రాగలిగేది క్రోన్స్ వ్యాధి. దీనిని 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ వర్ణించారు. ఈ రెండు వ్యాధులూ మీ వయసు పిల్లలకూ వస్తాయి. అయితే ఒకరినుండి ఒకరికి అంటుకోవు.

మరి శరీరంలో కేక వేసేదెవరు? “ఇక చాలు” అనేదెవరు? వింతేమిటంటే, మొదటి అణువును కత్తిరిస్తేనే రెండవది తయారవుతుంది!

కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. అడినోసిన్ అనే అణువుకు మూడు ఫాస్ఫేట్లు తోకలాగా తగిలిస్తే అది ఏ.టి.పి. అవుతుంది. 1929లో అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దీనిని కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.

ఏ.టి.పి. ఉండవలసిన చోటు కణం లోపల. కణం దెబ్బతిని చిట్లితే అది బయటికి ఒలికిపోతుంది. తెల్లకణాలకు అదే కేక. “ఇక్కడ ప్రమాదం, రండి!” అన్నట్లు.

అయితే కణాల పైపొరమీద రెండు ఎంజైములు కత్తెరలు పట్టుకుని సిద్ధంగా ఉంటాయి. సి.డి.39 అనేది రెండు ఫాస్ఫేట్లను కత్తిరిస్తుంది. సి.డి.73 అనేది మిగిలిన ఒక్కదాన్నీ తీసివేస్తుంది. ఇక మిగిలేది అడినోసిన్. అది తెల్లకణాలపైన ఉండే గ్రాహకాలలో, తాళంలో తాళంచెవి లాగా, ఇముడుతుంది. ఈ గ్రాహకాలు నాలుగు రకాలు. వాటిలో ఎ2ఎ అనే దానిలో అడినోసిన్ చేరగానే తెల్లకణం మంట రేపే రసాయనాలను తగ్గించుకుంటుంది.

గ్రాహకమంటే ఏమిటో తెలియాలంటే కాఫీని తలచుకోండి. మెదడులో అడినోసిన్ తన గ్రాహకాలలో చేరితే నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ ఆ స్థానాలను ముందే ఆక్రమిస్తుంది, తాళం మాత్రం తిప్పదు. అందుకే పరీక్షల ముందు కాఫీ త్రాగితే నిద్ర పట్టదు.

ప్రేగులలో ఈ కత్తెరలు నిజంగా అంత ముఖ్యమా? 2009లో వెలువడిన ఒక పరిశోధనలో సి.డి.39 లేని ఎలుకలకు ప్రేగు శోథ మరింత తీవ్రంగా వచ్చింది. ఆ ఎంజైము తక్కువగా తయారయ్యే జన్యు లక్షణానికీ, మనుషులలో క్రోన్స్ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు కూడా అందులో తేలింది.

అలాగైతే రోగికి అడినోసిన్‌నే ఎక్కించవచ్చుగదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని అది రక్తంలో కొద్ది సెకనులు మాత్రమే నిలుస్తుంది. పైగా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఈ సంగతిని కూడా 1929లోనే కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జి కనిపెట్టారు. కనుక అడినోసిన్ ఒళ్లంతా కాక, శోథ ఉన్న చోటనే పెరగాలి.

ఒక పాత మందు కొంతవరకు ఆ పనే చేస్తోందని తరువాత తెలిసింది. దాని పేరు మెథోట్రెక్సేట్. ఇది సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో 1940ల చివర తయారైంది. మొదట కాన్సరుకు వాడారు. చిన్న మోతాదులో ఇస్తే కణాలనుండి అడినోసిన్ ఎక్కువగా వెలువడేటట్లు చేస్తుందని అమెరికాలో క్రోన్‌స్టీన్ బృందం 1990లలో చూపింది. 1995లో ఫీగన్ బృందం 141 మంది క్రోన్స్ రోగులపై దీనిని పరీక్షించింది. 16 వారాల తరువాత ఈ మందు తీసుకున్నవారిలో 39 శాతం మందికి వ్యాధి అణగింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 19 శాతానికే అణగింది.

అంటే పదిమందిలో ఆరుగురికి ఆ మందు చాలలేదు. ఈ మందు శోథను తగ్గించడానికి అడినోసిన్ ఒక్కటే కారణమనీ చెప్పలేము. ఎ2బి అనే మరో గ్రాహకం సంగతి ఇంకా చిక్కు. దానిని తొలగించిన ఎలుకలకు కొన్ని ప్రయోగాలలో శోథ తగ్గింది, మరికొన్నింటిలో పెరిగింది! “ఇక చాలు” అనే మాట ఏ తాళంలో, ఎప్పుడు, ఎంత గట్టిగా వినిపించాలో తేల్చడమే పరిశోధకుల ముందున్న పని.

సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అనే వేరొక ప్రేగు జబ్బుతో యువకులుగానే మరణించారు. ఆ రోజులలో ప్రేగు జబ్బంటే వైద్యులకు తోచే ఉపాయాలు బహు తక్కువ. ఇప్పుడు క్రోన్స్, కొలైటిస్‌లకు పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, అదుపులో ఉంచే మందులు చాలా ఉన్నాయి. త్వరగా గుర్తించిన కొద్దీ మేలు. కాబట్టి విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఊరకే బరువు తగ్గిపోతున్నా సిగ్గుపడి దాచుకోకండి. అమ్మతోనో నాన్నతోనో వెంటనే చెప్పి డాక్టరు వద్దకు వెళ్లండి. మీ తరగతిలో ఎవరైనా మాటిమాటికి బయటికి వెళ్లాలని సెలవు అడుగుతుంటే నవ్వకండి. వాడి ప్రేగులలో మంట ఇంకా ఆరలేదేమో!