పాఠం ఒక్కటే – చదువరులు వేరు

దక్షిణ అండమాన్‌లో సిప్పీఘాట్ అనే ఊరు ఉన్నది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుండి అక్కడికి సుమారు 14 కిలోమీటర్లు. యాత్రికులకు ఆ పేరు వినగానే లవంగం, జాజికాయ, దాల్చిన చెక్క, కొబ్బరి పెంచే 80 ఎకరాల ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం గుర్తుకు వస్తుంది. స్థానికులకు గుర్తుకు వచ్చేది మరొకటి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి అక్కడి నేల సుమారు ఒక మీటరు క్రుంగిపోయింది. సముద్రపు నీరు వరిపొలాలలోనికి ప్రవేశించింది. అందులో అనేకం మరల పొలాలు కాలేదు. నాగలి పట్టిన ఇంట పిల్లలకు ఆ పైన మిగిలిన ఆస్తి చదువొక్కటే అయిందంటే అతిశయోక్తి కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో. ఆ దీవులకు ప్రధాన భూభాగంతో బంధం చిరకాలం ఓడ మీద, ఉపగ్రహం మీద ఆధారపడి ఉండేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుండి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లకు సముద్ర గర్భ తంతి మార్గం ప్రారంభమయింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. ఆ పని నిర్వహించినది ప్రభుత్వ రంగ సంస్థ అయిన బి.ఎస్.ఎన్.ఎల్. కావడం మనబోటి వారికి సంతోషదాయకం.

తంతి అయితే వచ్చింది. పాఠం ఇంటికి వచ్చింది. కాని వచ్చిన పాఠం అందరికీ అందిందా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. సిప్పీఘాట్‌లోని ఒక తెలుగు ఇంట ముగ్గురు పిల్లలు ఒకే పాఠాన్ని తెరపై చూస్తున్నారు. పది నిమిషాల వీడియో. ఉపాధ్యాయుడు బల్లపై బొమ్మ గీస్తూ “ఇదిగో, ఇది ఇటు వచ్చి దీనితో కలుస్తుంది” అంటున్నాడు. చివర పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ముప్పది సెకనులు. పెద్దవాడికి చూపు లేదు. “ఇది”, “ఇటు” అన్న మాటల వలన అతనికి తెలిసేది శూన్యం. రెండవ అమ్మాయికి వినికిడి లేదు. ఆమెకు కనిపించేది బల్ల, కదిలే పెదవులు. మూడవవాడికి మస్తిష్క పక్షవాతం. పాఠం చక్కగా అర్థమయింది, సమాధానమూ తెలుసు, కాని వ్రేలు సరియైన గడి మీదికి చేరేలోగా ముప్పది సెకనులు ముగిసిపోతాయి. ముగ్గురికీ వచ్చిన మార్కులు సున్న. ముగ్గురిలో ఎవరికీ పాఠం రాక కాదు.

ఇందుకు విరుగుడుగా లోకం మొదట కనుగొన్న మార్గం అందరికీ వర్తించే ఒక కనీస నియమావళి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో వెబ్ సుగమ్యతా మార్గదర్శకాలను ప్రకటించింది. 2008లో రెండవ రూపం, 2018లో 2.1, 2023లో 2.2 వెలువడినవి. గ్రహించగలగాలి, నడపగలగాలి, అర్థం కావాలి, ఏ పరికరంలోనైనా నిలవాలి అన్న నాలుగు సూత్రాలపై అవి ఆధారపడి ఉన్నవి. అక్షరానికీ దాని వెనుక రంగుకూ కాంతి నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి. ఏ బొమ్మ అయినా సెకనుకు మూడు మార్లకు మించి మినుకు మినుకుమనరాదు, ఏలయన అది కొందరికి మూర్ఛ రప్పిస్తుంది. మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనే పని అంతా ముగించగలగాలి. కాలపరిమితి ఉంటే దానిని పొడిగించుకొనే వీలుండాలి. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు 2009లో మార్గదర్శకాలు వచ్చి, 2023లో మూడవ రూపం ధరించినవి. భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 17802 అనే ప్రమాణాన్ని రెండు భాగాలుగా ప్రకటించింది.

ఇవన్నీ అవసరమే. అయినను ఒక చిక్కు ఉన్నది. చూపు మందగించిన వారిలో ఒకరికి నల్లని నేపథ్యంపై పసుపు అక్షరాలు హాయిగా ఉంటే, మరొకరికి అవే కళ్ళు మండిస్తాయి. చదవడంలో ఇబ్బంది గల బాలునికి బొమ్మలు మేలు. ఏకాగ్రత నిలువని బాలునికి అవే బొమ్మలు కీడు. సగటు మనిషి కొలతతో కుట్టిన చొక్కా ఎవరికీ సరిగా పట్టదు. మన చీరను చూడండి. ఆరు గజాల బట్ట ఒక్కటే. కట్టుకొనే మనిషిని బట్టి కుచ్చిళ్ళు మారుతవి, పైట పొడవు మారుతుంది. పొలంలో ఒక తీరు, పెళ్ళిలో ఒక తీరు. పాఠం కూడ అటువంటిదై ఉండాలన్నదే వ్యక్తిగత సుగమ్యతా ప్రమాణాల సారాంశం.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చిన వారిలో కెనడా దేశపు టొరాంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జుట్టా ట్రెవిరానస్, ఆమె సహచరులు ముఖ్యులు. ఈ శతాబ్ది ఆరంభ వత్సరాలలో అక్కడ ‘వెబ్ ఫర్ ఆల్’ అనే ఏర్పాటు చేశారు. చదువరి తన అవసరాలను ఒక స్మార్ట్ కార్డులో నింపుకొంటాడు. ఊరి ఉమ్మడి కంప్యూటర్ కేంద్రానికి వెళ్ళి కార్డును యంత్రంలో పెట్టగానే అక్షరాలు పెద్దవి కావడమో, తెర చదివి వినిపించే సాధనం మేలుకొనడమో జరుగుతుంది. కార్డు తీయగానే యంత్రం యథాస్థితికి వస్తుంది. వెనుక వచ్చినవాడు ఇబ్బంది పడనక్కరలేదు.

దాని నుండి ఎదిగినదే ‘యాక్సెస్ ఫర్ ఆల్’, అనగా అందరికీ ప్రవేశం అనే ప్రమాణం. ఆన్‌లైన్ విద్యా ప్రమాణాలను రూపొందించే ఐ.ఎం.ఎస్. గ్లోబల్ అనే సంఘం దానిని 2003, 2004 ప్రాంతాలలో వెలువరించగా, 2008లో ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 24751 అన్న సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమయింది. సాంకేతిక పరిభాషను ప్రక్కనపెట్టి చూస్తే ఇందులో ఉన్నవి రెండు పట్టికలు. మొదటిది చదువరి పట్టిక: అక్షరం ఎంత పెద్దది కావాలి, గొంతు ఎంత వేగంతో చదవాలి, మాటలకు అక్షరరూపం కావాలా, సంజ్ఞాభాష కావాలా, అదనపు సమయం కావాలా. రెండవది పాఠపు పట్టిక: ఈ వీడియోను గ్రహించుటకు చూపు అవసరమా, వినికిడి అవసరమా, దీనికి అక్షరరూపం ఉన్నదా, బొమ్మకు బదులు వర్ణన ఉన్నదా. రెండు పట్టికలనూ సరిపోల్చి తగిన రూపాన్ని చదువరి ముందుంచడం యంత్రం పని. పెండ్లి సంబంధాలు కుదిర్చే పేరయ్యగారి పని వంటిదే ఇది, కాకుంటే జాతకాలు అబద్ధం చెప్పవు!

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించిన అంశం ఒకటి ఉన్నది. చదువరి పట్టికలో రోగం పేరు ఉండదు. వైద్యుని ధ్రువపత్రం అడగరు. “నీకు ఏమి లోపం?” అన్న ప్రశ్నే లేదు, “నీకు ఏమి కావాలి?” అన్నది మాత్రమే ఉన్నది. ఆ ప్రమాణం దృష్టిలో వైకల్యమన్నది మనిషిలో ఉన్న గుణం కాదు. చదువరి అవసరానికీ, అందించిన పాఠానికీ నడుమ కుదరని పొంతన. కరెంటు పోయిన రాత్రి చీకటిలో చదవలేని మనమూ, రణగొణధ్వనుల నడుమ యంత్రశాలలో శిక్షణ వీడియో వినలేని మనమూ అప్పటికి ఆ పొంతన లేనివారమే. వికలాంగులనాలా, దివ్యాంగులనాలా, విభిన్న ప్రతిభావంతులనాలా అని ఏండ్ల తరబడి పేరు కొరకు తర్జనభర్జన పడిన మనకు, పేరు అడగకుండానే పని జరిపించే పద్ధతి ఆలోచించదగినది.

మన తెలుగునాట ఇదే సమస్య వేరొక రూపంలో న్యాయస్థానం దాకా వెళ్ళింది. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టుకతోనే చూపులేక జన్మించిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణుడై సైన్సు చదువుతానంటే నిబంధనలు అంగీకరించలేదు. పటాలు, రేఖాచిత్రాలు చూడలేనివానికి సైన్సు ఎట్లా అన్నది అభ్యంతరం. ఆయన న్యాయపోరాటం చేసి అనుమతి సాధించారు. పాఠ్యపుస్తకాలను శబ్దరూపంలోనికి మార్పించుకొని చదివి నూటికి 98 మార్కులు తెచ్చుకొన్నారు. ఆపై అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగి వచ్చి హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఇక్కడ గమనించవలసినది ఆయన మేధ ఒక్కటే కాదు. పుస్తకం మారింది, విద్యార్థి మారలేదు. పుస్తకం మారని చోట ఆగిపోయిన శ్రీకాంత్‌లు ఎందరో లెక్క తేల్చగలవారు లేరు. 2011 లెక్కలలో దేశమంతటా వైకల్యం గలవారు 2.68 కోట్లు, అండమాన్ నికోబార్‌లో 6,600 పైచిలుకు.

చట్టం కూడ క్రమంగా ఈ దారికి వచ్చింది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలు గుర్తింపు పొందగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అవి 21 అయినవి. సమాచార, సాంకేతిక రంగాలలో సుగమ్యతను 42వ సెక్షన్ కోరుతున్నది. ఒక వ్యక్తి అవసరాన్ని బట్టి చేయవలసిన తగిన సర్దుబాటు కూడ చట్టంలో నిర్వచనం పొందింది. ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలలో నాలుగు శాతం రిజర్వేషన్ ఉన్నది కనుక మన సహోద్యోగులలోనే ఈ అవసరం గలవారున్నారు. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం, సుగమ్యతా నియమాలు వట్టి సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి ప్రమాణాలను నిర్దేశించాలని తీర్పు చెప్పింది. ఆ విచారణలో న్యాయస్థానానికి నివేదిక సమర్పించినది హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం. ఆ నివేదిక శీర్షికకు తెలుగులో అర్థం చెప్పుకొంటే ‘అందరికీ సరిపడు కొలతలను వెదకుట’. చొక్కా, చీరల ప్రస్తావన ఊరకే తేలేదు!

మరుసటి ఏడు, 2025 ఏప్రిల్ 30న, అదే న్యాయస్థానం డిజిటల్ సేవలను అందుకొనడం జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించింది. ముఖం చూపి గుర్తింపు నిరూపించుకొనే విధానంలో కనురెప్పలు ఆర్పమని యంత్రం అడుగుతుంది. ఆమ్లదాడిలో కళ్ళు దెబ్బతిన్నవారు ఆ పని చేయలేరు. కేసు అక్కడ మొదలయింది. పింఛను కొరకు ఏటేటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చే మన పదవీ విరమణ చేసిన పెద్దలకు, వ్రేలిముద్రలు అరిగిపోయి, కంటిపొర కమ్మి యంత్రం ముందు నిలబడేవారికి, ఈ తీర్పు దూరపు వార్త కాదు.

ఇంతకూ ఆ రెండు పట్టికల ప్రమాణం ఆచరణలో ఎంతవరకు వచ్చినది? నిజం చెప్పాలంటే కోరినంత రాలేదు. సెల్‌ఫోన్లు వచ్చి, ప్రతి ఫోనూ తన సర్దుబాట్లను తనలోనే దాచుకొన్నది. ఫోనులో పెద్దవి చేసుకొన్న అక్షరాలు శిక్షణ పాఠపు తెరలోనికి వచ్చేసరికి మరల చీమలవుతున్నవి. పాఠపు పట్టిక నింపేవారు ఇంకా అరుదు. 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ ప్రత్యేక అవసరాలు గల బాలబాలికల ఎలక్ట్రానిక్ పాఠాల తయారీకి మార్గదర్శకాలు వెలువరించింది. 2016 ఆగస్టులో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం, చూపు అడ్డంకిగా గలవారికి వారికి వీలైన రూపంలో పుస్తకాలు అందించుచున్నది. అచ్చు పుస్తకాన్ని అటువంటి రూపంలోనికి మార్చుకొనే హక్కును కల్పించిన మరాకేష్ ఒడంబడికను 2014లో అందరికంటె ముందు ధ్రువీకరించిన దేశం మనదే.

తెలుగుకు మాత్రం ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉన్నది. యూనీకోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అయినను మన అచ్చు పనులలో చాలాకాలం దానికి పూర్వపు పద్ధతి ఫాంట్లే వాడుకలో ఉన్నవి. వాటిలో కంటికి ‘క’ కనిపించినా, యంత్రానికి అక్కడ ఉన్నది ఏదో రోమన్ అక్షరమో, చిహ్నమో. తెర చదివి వినిపించే సాధనానికి ఆ పుటను అప్పగిస్తే వినిపించేది తెలుగు కాదు, అర్థంలేని గొణుగుడు. కార్యాలయాలలో మరొక అలవాటు: సర్క్యులర్‌ను చక్కగా కంప్యూటర్‌లో తయారు చేసి, అచ్చు తీసి, సంతకం చేసి, ముద్ర వేసి, దానిని స్కాన్ చేసి అందరికీ పంపుతారు. యంత్రం దృష్టిలో అది అక్షరాలు లేని ఛాయాచిత్రం. చూపులేని ఉద్యోగికి తన బదిలీ ఉత్తర్వు తానే చదువుకొనే భాగ్యం ఆ ఒక్క స్కానుతో పోయింది. దీనికి కోట్ల రూపాయల ఖర్చు అక్కరలేదు. సంతకం చేసిన ప్రతితో పాటు మూలప్రతిని కూడ జతపరిస్తే చాలు.

ఇంటిలో చేసి చూడదగిన పరీక్ష ఒకటి. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరచి, యాక్సెసిబిలిటీ అన్నచోట ‘టాక్‌బ్యాక్’ అనే సాధనాన్ని ప్రారంభించండి. కంప్యూటర్ అయితే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాధనం ఉన్నది; ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడొకరు 2006లో మొదలుపెట్టినది, తెలుగు కూడ చదువుతుంది. కళ్ళు మూసుకొని పిల్లవాని ఆన్‌లైన్ పాఠాన్నో, మన సంస్థ శిక్షణ పాఠాన్నో మొదటినుండి చివరి ప్రశ్న వరకు ముగించుటకు ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయినారో కాగితంపై వ్రాసి, ఆ పాఠం తయారు చేసినవారికి పంపండి. “బటన్, బటన్, బటన్” అని మాత్రమే వినిపించిన చోట, ఆ బటన్‌కు పేరు పెట్టడానికి వారికి పట్టే సమయం ఒక్క నిమిషం.