రైలు బొమ్మ ఉన్న తపాలా స్టేషనరీ: కత్తిరిస్తే విలువ పోయినట్లే

పాత ఉత్తరాల కట్టలో రైలింజను బొమ్మ ముద్రించిన కవరు కనిపిస్తే, బొమ్మ మేరకు కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోవడం కొత్త సేకర్తలు తరచూ చేసే పొరపాటు. తపాలా స్టేషనరీ సేకరణలో విలువ బొమ్మ ఒక్కదానిది కాదు, మొత్తం కాగితానిది.

తపాలా స్టేషనరీ అంటే?

తపాలా రుసుమును సూచించే స్టాంపును కాగితంపైనే ముద్రించి విక్రయించే పోస్టుకార్డులు, కవర్లు, ఇన్‌లాండ్ లెటర్లు, ఏరోగ్రామ్‌లు ఈ కోవలోకి వస్తాయి. భారతదేశంలో పోస్టుకార్డు 1879లో పావు అణా ధరతో, ఇన్‌లాండ్ లెటర్ 1950లో వాడుకలోకి వచ్చాయి.

ఏది లెక్కలోకి రాదు?

1937 నాటి నాలుగణాల స్టాంపుపై టపా రైలు బొమ్మ ఉంది. బొంబాయి-ఠాణే మధ్య 1853లో మొదలైన రైలు ప్రయాణానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1953లో మరో స్టాంపు విడుదలైంది. ఇవి రెండూ అంటించుకునే విడి స్టాంపులు. కాబట్టి వీటిని అతికించిన సాధారణ కవరు తపాలా స్టేషనరీ కాదు.

బొమ్మ ఎక్కడ ఉంటుంది?

ముద్రిత స్టాంపులోనే రైలు ఉండవచ్చు. కవరు ఎడమవైపు చిత్రంలోనూ ఉండవచ్చు. సోవియట్ యూనియన్ విడుదల చేసిన సచిత్ర కవర్లలో రైలింజన్లు, రైల్వే వార్షికోత్సవాలు కనిపిస్తాయి. భారత తపాలా శాఖ 2002లో ప్రవేశపెట్టిన మేఘదూత్ కార్డులపై చిరునామా వైపు ప్రకటనలు ముద్రిస్తారు. అయితే విక్రయం తరువాత ప్రైవేటు వ్యక్తులు అచ్చు వేయించిన బొమ్మలకు ఇతివృత్త ప్రదర్శనల్లో ప్రాధాన్యం ఉండదు. తపాలా శాఖ అనుమతితో వెలువడిందా, లేదా అన్నదే కీలకం.

వాడిన కార్డు చెప్పే కథ

వాడని ప్రతి ముద్రణ వివరాలను చెబుతుంది. వాడిన ప్రతి అంతకు మించి బయలుదేరిన ఊరు, తేదీ, నాటి రుసుములను నమోదు చేస్తుంది. కొన్నింటిపై రైల్వే మెయిల్ సర్వీస్ ముద్ర ఉంటుంది. నడిచే రైలులోనే ఉత్తరాలను వేరుచేసే పద్ధతి భారత్‌లో 1863లో అలహాబాద్-కాన్పూర్ మధ్య ప్రారంభమైంది. రైలు బొమ్మ, రైలు టపా ముద్ర ఒకే కాగితంపై కలిసినప్పుడు సేకర్తకు అది రెండింతల ఆధారం. కత్తెర పడితే ముద్ర, చిరునామా, సమాచారం ఒక్కసారిగా తెగిపోతాయి.

భద్రపరచడం ఎలా?

జిగురు, టేపు, లామినేషన్ వాడకూడదు. ఆమ్లరహిత కాగితపు మూలలతో పేజీకి అమర్చాలి, లేదా పీవీసీ లేని పారదర్శక తొడుగులో ఉంచాలి. తేమ, ఎండ తగలని చోట భద్రపరచాలి. వివరాలను కార్డుపై కాక, పక్కన వేరే కాగితంపై రాసుకోవాలి.