రెండు దేశాలు – ఒక నిర్ణయం

రెండు దేశాలతో పౌరసత్వ సంబంధమున్న ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఏ దేశం తరఫున ఆడాలో తానే నిర్ణయించుకోవాలి. యువజన జట్లలో ఆడినంతమాత్రాన ఆ బంధం స్థిరపడదు. సీనియర్ జట్టులో అధికారిక పోటీలు ఆడిన పిదప దేశం మారడం మిక్కిలి కష్టం. మిడ్‌ఫీల్డర్ జమాల్ ముసియాలా ఇందుకు చక్కని ఉదాహరణ.

ముసియాలా 2003లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జన్మించాడు. తల్లి జర్మన్, తండ్రి నైజీరియా మూలాలున్న బ్రిటిష్ పౌరుడు. బాల్యంలోనే ఇంగ్లాండు చేరి, చెల్సీ క్లబ్ శిక్షణలో ఆట నేర్చాడు. 2019లో బాయర్న్ మ్యూనిక్‌లో చేరి, మరుసటి ఏడాది పదిహేడేళ్లకే బుందెస్‌లీగాలో అడుగిడాడు.

2020 నవంబరులో ఇంగ్లాండు అండర్-21 జట్టుకు ఆడిన ముసియాలా, మూడు నెలలకే జర్మనీని ఎంచుకున్నాడు. 2021 మార్చిలో ప్రపంచకప్ అర్హత పోటీలో ఐస్‌లాండ్‌పై ఆడాడు. పెంచిన నేలపై మమకారం వీడకుండానే, పుట్టిన నేల పక్షాన నిలిచి 2024 యూరో పోటీలలో మూడు గోల్స్ సాధించాడు.