ఒళ్లో ఎడిటింగ్ రూము! మెమరీ ఎంతుండాల మామా?

"మామా! ఎనిమిదా, పదహారా? బిరీన జెప్పు. షాపాయన బిల్లు రాస్తాండాడు!"

2025 డిసెంబరులో ఓ మధ్యాహ్నం. కడపలో ఏడురోడ్ల దగ్గర టీ తాగుతుంటే కర్నూలు నుంచి మా మేనల్లుడి ఫోను. ఎనిమిది, పదహారు అంటే లాటరీ నంబర్లనుకునేరు... కాదు! వాడు కొనబోయే ల్యాప్‌టాప్‌లో మెమరీ.

"బిల్లు రాయించొద్దురా. పొద్దున్నే బస్సెక్కి వస్తా" అన్నాను. నా టీ చల్లారిపోయింది.

మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. పరీక్షల్లో మార్కులెన్నొస్తాయో చెప్పలేను గాని, 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో కొండారెడ్డి బురుజు సీను మాత్రం షాటు షాటుగా అప్పజెబుతాడు. అదే బురుజు ముందు, జనం లేవకముందే, ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని ఫోన్‌తో ఓ షార్ట్ ఫిలిం తీశాడు. కథ పన్నెండు నిమిషాలది. తీసిన ఫుటేజీ మూడు గంటలది! అదీ మొత్తం 4కెలో. స్నేహితుడి పాత ల్యాప్‌టాప్‌లో 4 జిబి మెమరీ ఉంది. అందులో పెట్టి ఎడిటింగ్ మొదలెడితే హీరో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయిందట.

ఇక సొంత ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టాడు. మా అక్క చీటీ ఎత్తి 60,000 రూపాయలు వాడి చేతిలో పెట్టింది. బావది కోడుమూరు దగ్గర ఉల్లి సేద్యం. ఆ ఏడు ఉల్లి సంగతి మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. కర్నూలు మార్కెట్లో ధర కుప్పకూలితే ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. కాబట్టి ఆ 60,000 తప్పిపోతే మరో 60,000 ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు.

విచిత్రం చూడండి. ఉల్లి పడిపోయిన ఏడే మెమరీ ధర కొండెక్కి కూర్చుంది! ప్రపంచంలో మెమరీ చిప్పులు పెద్దఎత్తున తయారుచేసేవి ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కట్టే భారీ డేటా సెంటర్లకు ప్రత్యేకమైన చిప్పులు కావాలి, లాభమూ అక్కడే ఎక్కువ. ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. మామూలు కంప్యూటర్ల మెమరీకి కరువొచ్చింది. 2025 డిసెంబరులోనే మైక్రాన్ కంపెనీ, మనలాంటి చిల్లర కొనుగోలుదార్ల కోసం నడిపిన ‘క్రూషియల్’ బ్రాండును మూసేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో ఎవరో ఏదో అడిగితే యంత్రం జవాబు చెప్పడానికి, కర్నూలులో మా మేనల్లుడు ఎక్కువ కట్టాలన్నమాట!

టేబిలూ, డబ్బాలూ

మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల... బస్సులో దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీడికి మెమరీ అంటే ఏమిటో ఎలా చెప్పాలి?

సినిమా భాషలోనే చెబుదామనుకున్నాను. మన పులివెందుల ప్రాంతం నుంచి వెళ్లిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి సోదరుల కాలంలో ఎడిటింగ్ అంటే మద్రాసు వెళ్లాల్సిందే. ఎడిటింగ్ రూములో గోడ పొడుగునా ఫిలిం డబ్బాల అరలు. మధ్యలో ఓ టేబిలు. ఎడిటరు కావలసిన ముక్కల్ని డబ్బాల్లోంచి తీసి టేబిలు మీద పరుచుకుని అతికిస్తాడు. టేబిలు పెద్దదైతే ఎక్కువ ముక్కలు కళ్లెదురుగా ఉంటాయి. చిన్నదైతే ఒకటి పెట్టాలంటే ఒకటి డబ్బాలోకి తోయాలి. మళ్లీ అదే కావాలంటే మళ్లీ వెతకాలి. కత్తెర కంటే కాళ్లకే పనెక్కువ!

ర్యామ్ అంటే ఆ టేబిలు. 512 జిబి, 1 టిబి అని రాసి ఉండే స్టోరేజీ... ఆ డబ్బాల అరలు. కరెంటు తీసేస్తే టేబిలు ఊడ్చినట్టు ఖాళీ అవుతుంది. అరల్లో ఉన్నది అలాగే ఉంటుంది. చిక్కేమిటంటే మన షాపుల్లో రెంటినీ ‘మెమరీ’ అనే అంటారు. సగం మోసం ఆ ఒక్క మాటలోనే జరిగిపోతుంది.

నాకూ జరిగింది. 2019లో ఓ షాపులో సన్నగా నాజూగ్గా ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. ర్యామ్ 4 జిబి. "తర్వాత ఎక్కించుకోవచ్చు సార్" అన్నాడు అమ్మినాయన. ఏడాది తిరక్కుండానే అది నత్తనడక మొదలెట్టింది. ఓ రాత్రి, తెల్లారితే పంపాల్సిన ఇంటర్వ్యూ సగం రాశాక బిగుసుకుపోయింది. ఆ వారం పత్రికలో నా వ్యాసం రాలేదు, పారితోషికమూ రాలేదు. సర్వీసు సెంటరుకు తీసుకెళితే అతను వెనక మూత విప్పి నవ్వాడు. "ఇందులో ఎక్కించడానికేం లేదు సార్. చిప్పులు బోర్డుకే అతికించేశారు."

టేబిలును గోడకు సిమెంటేసి కట్టేసినట్టు! అప్పటినుంచి ‘తర్వాత’ అనే మాట ఎవరన్నా నేను నమ్మడం మానేశాను.

పది సెకన్ల లెక్క

రాజ్ విహార్ సెంటర్లో దిగేసరికి మావాడు ఎదురొచ్చాడు. షాపుకు పోయే ముందు దోసె తింటూ వాడి నోట్‌బుక్కులో ఓ లెక్క వేయించాను.

4కె బొమ్మలో అడ్డంగా 3,840 చుక్కలు, నిలువుగా 2,160. మొత్తం సుమారు 83 లక్షలు. ఒక్కో చుక్కకు 4 బైట్లు వేసుకుంటే ఒక్క ఫ్రేము 33 ఎంబి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అంటే సెకనుకు దాదాపు 800 ఎంబి. పది సెకన్ల బొమ్మను విప్పి పరిస్తే... 8 జిబి!

మావాడి నోట్లో దోసె ఆగిపోయింది. "ఫోన్లో అంత లేదు కదా మామా?"

"ఫోన్లో ఉన్నది మడతపెట్టిన చీరరా. ఎడిటింగ్‌లో విప్పి చూడాల" అన్నాను.

అయితే భయపడనక్కర్లేదు. సాఫ్ట్‌వేరు మొత్తం సినిమాను ఒకేసారి విప్పదు. నడుస్తున్న చోటికి కాస్త ముందూ వెనకా మాత్రమే పరుస్తుంది. హెచ్‌డి అయితే ఈ లెక్కలో నాలుగో వంతే. కాని టేబిలు మొత్తం ఎడిటరుది కాదు గదా! విండోస్ 11కు కనీసం 4 జిబి ఉండాలని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. యాంటీవైరస్, తెరిచి మరిచిపోయిన బ్రౌజరు ట్యాబులూ తలో చెయ్యి వేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీనైతే బొమ్మ చూపించడానికీ ఈ ర్యామ్‌లోంచే వాటా పోతుంది. 8 జిబిలో ఎడిటరుకు మిగిలేది టేబిలు మూల!

ప్రీమియర్ ప్రో తయారుచేసే అడోబీ వాళ్ల మాటా అదే. కనీసం 8, హెచ్‌డి పనికి 16, 4కెకు 32. ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్‌కు కూడా 16 ఉంటే మేలు, గ్రాఫిక్స్ మాయలు చెయ్యాలంటే 32. చదువుకు, టైపింగుకు, సినిమాలు చూడ్డానికి మాత్రమే అయితే 8 చాలు, సందేహం లేదు. 64 మాట ఎత్తకండి, అది మన చీటీల స్థాయి కాదు.

షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి వెండిరంగులో హీరోయిన్‌లా మెరిసిపోతోంది. ర్యామ్ 8, స్టోరేజీ 1 టిబి. రెండోది నల్లగా, బరువుగా, కేరెక్టర్ ఆర్టిస్టులా. ర్యామ్ 16, స్టోరేజీ 512.

"అందులో 512, ఇందులో వెయ్యి. మెమరీ డబుల్ సార్!" అన్నాడు షాపాయన వెండిదాన్ని నిమురుతూ.

మావాడు నా వంక చూసి ముసిముసిగా నవ్వాడు. పది సెకన్ల లెక్క పనిచేసిందన్నమాట!

"ఇందులో ర్యామ్ అతికించిందా, ఊడదీసేదా?" అనడిగాను. షాపాయనకు తెలియదు. పాపం, అబద్ధమైతే చెప్పలేదు. ఫోన్లో కంపెనీవాళ్ల సైటు తెరిచి మోడల్ నంబరు కొట్టి చూశాం. వెండిది మొత్తం బోర్డుకు అతికించినదే. నల్లదానికి రెండు స్లాట్లు. ఒకదాంట్లో 16, రెండోది ఖాళీ. (ఇదివరకే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దానిలో మెమరీ చూడండి. మీరు రోజూ చేసే పని చేస్తుండగా టేబిలు ఎంత నిండిందో అక్కడే తెలుస్తుంది. స్లాట్ల లెక్క మాత్రం కంపెనీ వివరాల్లోనే సరిచూసుకోండి. అతికించిన చిప్పుల్నీ అది ఒక్కోసారి స్లాటుగా చూపిస్తుంది.)

ఇక్కడో పేచీ ఉంది. ఒకే 16 కంటే రెండు 8లు జంటగా ఉంటే వేగం బాగుంటుంది, జంట ఎద్దుల బండిలా. ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు లేని వాటిల్లో. కాని రెండు 8లు పెడితే స్లాట్లు నిండిపోతాయి, పెంచాలంటే ఉన్నది తీసి పారెయ్యాలి. నా ఓటు ఒకే 16కి పడింది. ధర దిగినప్పుడు అదే రకం ఇంకో 16 కొని పక్కన పెట్టుకోవచ్చు. డిడిఆర్4 ఉన్న చోట డిడిఆర్5 పట్టదు గనుక ఏ రకమో రాయించుకున్నాం. మూత విప్పితే వారంటీ పోతుందా లేదా అన్నదీ బిల్లు కట్టకముందే అడిగాం. ఇక 512 చాలకపోతే? డబ్బాలకేం, బయట హార్డ్‌డిస్కు తగిలించుకోవచ్చు. టేబిలు అలా తగిలించలేం.

నల్లదాని ధర 63,500. ఆ మూడున్నర వేలు నేనేశాను. అక్కకు చెప్పొద్దని ఒట్టు!

ఇప్పటికే 8 జిబితో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నీరుగారిపోవద్దు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ‘ప్రాక్సీ’ అని ఓ సదుపాయం ఉంటుంది. అచ్చం మన డూపే! 4కె హీరోను కారవాన్‌లో కూచోబెట్టి, చిన్న సైజు నకలుతో కోతలూ అతుకులూ అన్నీ కానిచ్చేస్తారు. చివర్లో ప్రింటు తీసేటప్పుడు అసలు హీరో వచ్చి నిలబడతాడు. కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక కావాలి. ఖర్చు మాత్రం సున్నా.

ఆ రాత్రి కోడుమూరు దగ్గర అక్కావాళ్లింట్లోనే ఉన్నాను. మావాడు బురుజు సీను ఎడిటింగుకు కూర్చున్నాడు. హీరో చెయ్యెత్తాడు... దించాడు! టాస్క్ మేనేజరులో 11 జిబి చూపిస్తోంది. 8దే కొనుంటే అక్కడే బిగుసుకునేది.

బావ కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "ఏందో ఖాళీ గూడు ఉండాది అంటాండావే. దానిగ్గూడా దుడ్డు కట్టినారా?"

"లేదు బావా."

"అట్లయితే సరే" అని బావ గొడ్లకు మేతేయడానికి లేచాడు.